పాప్ సింగిల్ విడుదల తేదీ దేశానికో తీరుగా ఎందుకుంటుంది?

ఒకే సింగిల్ (ఆల్బమ్‌లో భాగంగా కాక విడిగా విడుదల చేసే పాట) ఒక దేశపు చార్టులో (పాటల ఆదరణను వారం వారం లెక్కించి ప్రకటించే జాబితాలో) మార్చి నెలలో మొదటి స్థానానికి చేరి, మరో దేశంలో అక్టోబర్ వరకు ఎందుకు ఆగుతుందనీ, ఇప్పుడు ప్రపంచమంతటా పాట ఒకే రోజున దొరుకుతున్నా రికార్డు కంపెనీలు దేశానికో ప్రణాళిక ఎందుకు వేసుకుంటాయనీ మీరు అడిగారు. ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు దూరం, రవాణా అన్నది. అందులో కొంత నిజం ఉంది. అయితే చాలాకాలంగా విడుదల తేదీల పనిలో ఉన్నవాడిగా నేను చెప్పేదేమిటంటే, ఒక దేశంలో పాట ఎప్పుడు రావాలో నిర్ణయించేది ప్రధానంగా అక్కడి లెక్కింపు పద్ధతి. పాటను ఎవరు లెక్కిస్తారు, అమ్మకాన్ని లెక్కిస్తారా, రేడియో ప్రసారాన్ని కూడా కలుపుతారా, ఆ లెక్క ఏ రోజున మొదలై ఏ రోజున ముగుస్తుంది అనే విషయాలు తెలిస్తే, అర్థంలేనివిగా కనిపించే తేదీలు చాలావరకు అర్థమవుతాయి.

ముందుగా పాత కాలం సంగతి కొంత చూడాలి. 1960లలో ఒక బ్రిటిష్ పాట అమెరికాలో విడుదల కావాలంటే అక్కడ దాన్ని అచ్చువేసి అమ్మడానికి ఒక కంపెనీ ఒప్పుకోవాలి. బ్రిటిష్ బృందం బీటిల్స్ తొలి పాటలను, బ్రిటన్‌లో వాటిని విడుదల చేసిన సంస్థదీ తనదీ మాతృసంస్థ ఒక్కటే అయినప్పటికీ, అమెరికాలోని క్యాపిటల్ సంస్థ వద్దనుకుంది. అందువల్ల ‘షి లవ్స్ యు’ బ్రిటన్‌లో 1963 ఆగస్టు 23న వస్తే, అమెరికాలో స్వాన్ అనే చిన్న సంస్థ ద్వారా సెప్టెంబర్ 16న వచ్చి, అప్పటికి ఎవరి చెవినా పడకుండా ఉండిపోయి, 1964 మార్చిలో మొదటి స్థానానికి చేరింది. బ్రిటన్‌లో 1962 అక్టోబర్‌లో వచ్చిన ‘లవ్ మి డు’ అమెరికా దుకాణాలకు 1964 ఏప్రిల్‌లో గానీ చేరలేదు. అంటే శ్రోతలు బ్రిటన్‌లో ఏడాదిన్నర వ్యవధిలో విన్న పాటలను అమెరికాలో కొద్ది నెలల్లో, అదీ వరుస తప్పి విన్నారు. ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’ విషయంలో మరో సంగతి బయటపడింది. దాన్ని 1964 జనవరి 13న విడుదల చేయాలని క్యాపిటల్ నిర్ణయించుకుంది. అయితే వాషింగ్టన్‌లోని ఒక రేడియో వ్యాఖ్యాత బ్రిటన్ నుంచి విమానంలో తెప్పించుకున్న ప్రతిని ప్రసారం చేయడంతో, ఆ పాట కోసం ఫోన్లు మోగడంతో, కంపెనీ తేదీని 1963 డిసెంబర్ 26కి ముందుకు జరపవలసి వచ్చింది. రేడియో ముందుకు పోతే అమ్మకం దాని వెంట పరుగెత్తక తప్పదని ఆనాడే తేలింది. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు కంపెనీలు పాట మొదట రేడియోలో రావాలా, దుకాణంలో రావాలా అన్న ప్రశ్నతోనే తేదీలను అమర్చుకున్నాయి.

ఈ ప్రశ్నకు అమెరికా ఒక విధంగా, బ్రిటన్ మరో విధంగా జవాబు చెప్పడానికి కారణం వాటి చార్టుల నిర్మాణంలో ఉంది. 1958 ఆగస్టులో మొదలైన, బిల్‌బోర్డ్ పత్రిక ప్రకటించే అమెరికా ప్రధాన చార్టు హాట్ 100లో మొదటి నుంచీ అమ్మకంతో పాటు రేడియో ప్రసారానికి కూడా వాటా ఉంది. 1952 నవంబర్‌లో మొదలైన బ్రిటిష్ సింగిల్స్ చార్టులో రేడియోకు ఎన్నడూ చోటు లేదు. అక్కడ లెక్కకు వచ్చేది కొనుగోలు, ఇటీవలి కాలంలో దానితో పాటు స్ట్రీమింగ్. ఈ ఒక్క తేడా నుంచి రెండు భిన్నమైన అలవాట్లు పుట్టాయి. బ్రిటన్‌లో రేడియో ప్రసారం వల్ల నేరుగా స్థానం రాదు కాబట్టి, పాటను విడుదలకు కొన్ని వారాల ముందే, కొన్నిసార్లు ఆరు వారాల ముందే, రేడియోకు ఇచ్చి, శ్రోతల్లో కోరిక బాగా పేరుకున్నాక అమ్మకం మొదలుపెట్టేవారు. పేరుకున్న ఆ గిరాకీ అంతా మొదటి వారంలోనే అమ్మకంగా మారేది. అందుకే 1990ల చివరి నుంచి బ్రిటిష్ పాటలు నేరుగా మొదటి స్థానంలో ప్రవేశించి, మరుసటి వారమే కిందికి జారడం మామూలైపోయింది. అమెరికాలో రేడియో బలం నెమ్మదిగా, ఒక్కో స్టేషన్, ఒక్కో నగరం చొప్పున పెరుగుతుంది కనుక పాట వారాల తరబడి మెట్టు మెట్టుగా ఎక్కేది. బ్రిటన్‌లో 1958 జనవరిలోనే ఎల్విస్ ప్రెస్లీ పాట నేరుగా మొదటి స్థానంలో అడుగుపెడితే, అమెరికాలో అటువంటిది మొదటిసారి 1995లో, మైకేల్ జాక్సన్ పాటతో జరిగింది. రెండు దేశాల శ్రోతల అభిరుచి వేరని ఈ తేడాకు వివరణ చెప్పేవారు ఉన్నారు; నేను దానితో ఏకీభవించను, ఎందుకంటే లెక్క మారిన ప్రతిసారీ ఆ ‘అభిరుచి’ కూడా వెంటనే మారిపోవడం మనకు కనిపిస్తుంది.

అమెరికాలో 1990లలో మరో విచిత్రమైన నియమం నడిచింది. దుకాణంలో సింగిల్‌గా అమ్మకానికి పెట్టని పాటకు హాట్ 100లో ప్రవేశం ఉండేది కాదు. కంపెనీలేమో ఒక్క పాట కోసం జనం పూర్తి ఆల్బమ్ కొనాలని సింగిల్‌ను కావాలనే విడుదల చేయకుండా ఆపేవి. ఫలితంగా, నో డౌట్ బృందం పాడిన ‘డోంట్ స్పీక్’ అమెరికా రేడియో ప్రసారాల జాబితాలో 16 వారాలు మొదటి స్థానంలో ఉండి కూడా హాట్ 100లో ఒక్క వారమైనా కనిపించలేదు. అదే పాట 1997లో బ్రిటన్‌లో సింగిల్‌గా వచ్చి మొదటి స్థానం తీసుకుంది. మరయా క్యారీ పాడిన ప్రసిద్ధ క్రిస్మస్ పాట ‘ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యు’ 1994లో బ్రిటన్‌లో రెండో స్థానానికి చేరినప్పుడు, అమెరికాలో ఇదే కారణంగా హాట్ 100 బయట ఉండిపోయింది. 1998 డిసెంబర్‌లో ఆ నియమాన్ని ఎత్తివేశారు. ఆ పాట 2019 డిసెంబర్‌లో అమెరికాలో, 2020 డిసెంబర్‌లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వచ్చిందంటే, అందుకు స్ట్రీమింగ్ ప్రధాన కారణం; అమెరికాలో మాత్రం 1990ల నాటి ఆ నియమం తొలగిపోవడం కూడా ఒక కారణం. అందువల్ల పాత చార్టులను చూసి ‘ఈ పాట అమెరికాలో ఆడలేదు’ అని ఎవరైనా అంటే, ఆ పాట అసలు అక్కడ సింగిల్‌గా అమ్మకానికి వచ్చిందా లేదా అన్నది ముందు చూడండి.

డౌన్‌లోడ్‌ల కాలం రాగానే ఈ ఏర్పాటు బీటలు వారింది. పాటలను డౌన్‌లోడ్‌గా అమ్మే ఆపిల్ సంస్థ ఆన్‌లైన్ దుకాణం ఐట్యూన్స్ అమెరికాలో 2003 ఏప్రిల్‌లో, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీల్లో 2004 జూన్‌లో, జపాన్‌లో 2005 ఆగస్టులో తెరుచుకుంది. కానీ ప్రతి దేశపు దుకాణమూ వేరుగా ఉండడంతో, పాట ఒక దేశంలో అమ్మకానికి ఉండి పక్క దేశంలో లేకపోవడం కొనసాగింది. బ్రిటన్‌లో రేడియోలో వారాల తరబడి మోగే పాటను కొనడానికి దారి లేక శ్రోతలు అక్రమ ప్రతుల వైపు, లేదా ఎవరో హడావుడిగా పాడి అమ్మకానికి పెట్టిన నకళ్ల వైపు వెళ్లారు. 2012లో మరూన్ 5 బృందం ‘పేఫోన్’ పాట అమెరికాలో ఏప్రిల్‌లోనే వచ్చింది. బ్రిటన్‌లో దాన్ని జూన్ వరకు ఆపి ఉంచారు. ఆ ఖాళీలో ప్రెసిషన్ ట్యూన్స్ అనే పేరుతో వచ్చిన నకలు బ్రిటిష్ చార్టులో తొమ్మిదో స్థానానికి ఎక్కింది. అసలు పాట ఆ తర్వాత వచ్చి మొదటి స్థానం తీసుకున్న మాట నిజమే గానీ, వినాలని కోరుకుంటున్న మనిషికి పాటను అందుబాటులో లేకుండా చేయడం ఎంత నష్టమో ఆ తొమ్మిదో స్థానం చెబుతుంది.

దీనికి విరుగుడుగా యూనివర్సల్, సోనీ సంస్థల బ్రిటిష్ శాఖలు 2011 ఆరంభంలోనే, రేడియోకు ఇచ్చిన రోజునే అమ్మకానికి కూడా పెడతామని ప్రకటించాయి. ఆ నిర్ణయం నిలకడగా అమలు కాలేదు. ఒక కంపెనీ పాటను వెంటనే అమ్మకానికి పెట్టి పదిహేనో స్థానం నుంచి నెమ్మదిగా ఎక్కిస్తుంటే, పోటీ కంపెనీ పాత పద్ధతిలోనే ఆపి ఉంచి నేరుగా మొదటి స్థానంలో దిగుతుంటే, మొదటి కంపెనీ ఓపిక ఎంతకాలం నిలుస్తుంది? ఈ చిక్కును చివరికి తేల్చింది స్ట్రీమింగ్. బ్రిటన్ 2014 జూలైలో స్ట్రీమింగ్‌ను సింగిల్స్ చార్టులో చేర్చింది. ఆ సెప్టెంబర్‌లో మేఘన్ ట్రైనర్ పాట ‘ఆల్ అబౌట్ దట్ బేస్’ అక్కడ ఒక్క ప్రతి కూడా అమ్మకానికి రాకముందే, కేవలం స్ట్రీమింగ్ బలంతో 33వ స్థానంలో కనిపించి, అమ్మకం మొదలయ్యాక అక్టోబర్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. పాటను ఆపి ఉంచడం వల్ల మిగిలే లాభం పెద్దగా లేదని అప్పటికి కంపెనీలకు స్పష్టమైంది.

ఇక వారంలో ఏ రోజు అన్న సంగతికి వస్తాను, ఎందుకంటే లెక్కింపుకీ తేదీకీ ఉన్న బంధం ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2015కు ముందు బ్రిటన్‌లో కొత్త రికార్డులు సోమవారం వచ్చేవి. అక్కడి చార్టు వారం ఆదివారం నుంచి శనివారం వరకు ఉండేది. అమెరికాలో 1989 నుంచి మంగళవారం; అక్కడ అమ్మకాల లెక్కింపు వారం సోమవారం నుంచి ఆదివారం వరకు. రెండు చోట్లా కొత్త రికార్డుకు ఆరు రోజుల లెక్క దక్కేది. జర్మనీ, ఆస్ట్రేలియా అప్పటికే శుక్రవారం విడుదల చేసేవి. అంటే ఒక ఆల్బమ్ ఆస్ట్రేలియా శ్రోతకు శుక్రవారం అందితే అమెరికా శ్రోత మంగళవారం దాకా ఎదురుచూడాలి. ఈలోగా ఆ పాటలు ఇంటర్నెట్‌లో ఉచితంగా తిరిగేవి. అంతర్జాతీయ రికార్డింగ్ పరిశ్రమ సమాఖ్య అయిన ఐఎఫ్‌పీఐ చొరవతో 2015 జూలై 10 నుంచి చాలా దేశాలు శుక్రవారాన్ని ఉమ్మడి విడుదల రోజుగా స్వీకరించాయి. చార్టులు కూడా తమ వారాన్ని శుక్రవారం నుంచి గురువారం వరకు మార్చుకున్నాయి. బ్రిటన్‌లో తరతరాలుగా ఆదివారం సాయంత్రం వినే చార్టు కార్యక్రమం శుక్రవారానికి మారింది. ఈ మార్పు చిన్న కంపెనీలకు, స్వతంత్ర దుకాణాలకు ఇష్టం లేకుండానే జరిగిందని గుర్తుపెట్టుకోవాలి. వారం మొదట్లో దుకాణానికి జనాన్ని రప్పించే ఆకర్షణ పోతుందని, పెద్ద పేర్ల విడుదలలన్నీ ఒకే రోజున వచ్చి చిన్నవాటిని మింగేస్తాయని వారు వాదించారు. ఆ వాదనలో బలం ఉందనే ఇప్పటికీ నా అభిప్రాయం.

జపాన్ మాత్రం ఈ శుక్రవారపు ఒప్పందానికి పూర్తిగా లొంగలేదు. అక్కడి కళాకారుల సీడీ సింగిల్స్ నేటికీ ప్రధానంగా బుధవారమే వస్తాయి. అక్కడి ప్రధాన చార్టు అయిన ఆరికాన్ వారం సోమవారం నుంచి ఆదివారం వరకు ఉంటుంది. సరుకు మంగళవారమే దుకాణాల్లోకి చేరి అమ్ముడవడం మొదలవుతుంది కాబట్టి ఆరు రోజుల అమ్మకం మొదటి వారం లెక్కలో పడుతుంది. జపాన్‌లో సీడీలకు ప్రచురణకర్త నిర్ణయించిన ధరను దుకాణం తగ్గించకూడదనే ఏర్పాటు ఉంది. దాంతో విదేశీ ఆల్బమ్ దిగుమతి ప్రతి స్థానిక ప్రతికంటే చవకగా దొరుకుతుంది. స్థానిక ప్రతిని కొనిపించడానికి కంపెనీలు అదనపు పాటలను చేర్చడం, కొన్నిసార్లు మిగతా ప్రపంచం కంటే ముందే విడుదల చేయడం అందుకే. బ్రిటిష్ బృందం స్పైస్ గర్ల్స్ తొలి సింగిల్ ‘వానబి’ 1996లో బ్రిటన్ కంటే సుమారు రెండు వారాల ముందు జపాన్‌లో వచ్చింది. అమెరికాకు మాత్రం 1997 జనవరిలో గానీ వెళ్లలేదు. బ్రిటన్‌లో అప్పటికే పెద్ద పేరు వచ్చాక, ఆ పేరును చూపి అమెరికా రేడియోను ఒప్పించాలన్న లెక్కతోనే ఆ ఆరు నెలల ఎడం పెట్టారని చెప్పవచ్చు. ఫిబ్రవరిలో అది అక్కడా మొదటి స్థానానికి చేరింది.

దక్షిణ కొరియాలో రోజుతో పాటు గడియ కూడా ముఖ్యం. అక్కడి సంగీత సేవలు గంట గంటకూ మారే చార్టులను ప్రకటించేవి. అర్ధరాత్రి విడుదల చేసి, అభిమానులు నిద్ర మాని విన్న లెక్కతో పాటను తెల్లవారేసరికి పైకి చేర్చే అలవాటు బలపడింది. 2017 ఫిబ్రవరి చివర్లో నియమం మారింది: మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 లోపు వచ్చిన పాటలే వెంటనే ఆ చార్టుల్లో చేరతాయి, మిగతా వేళల్లో వచ్చినవి మరుసటి మధ్యాహ్నం 1 గంట వరకు ఆగాలి. కొద్ది వారాల్లోనే విడుదలలు సాయంత్రం 6 గంటలకు మారిపోయాయి. ఒక్క నియమంతో పరిశ్రమ గడియారం మొత్తం తిరిగింది. ఇప్పుడు కూడా ఏ చార్టును లక్ష్యంగా పెట్టుకున్నారో విడుదల వేళ చూసి చెప్పవచ్చు. కొరియా వారపు చార్టు ఆదివారం నుంచి శనివారం వరకు ఉంటుంది. సోమవారం సాయంత్రం 6 గంటలకు వచ్చిన పాటకు అక్కడ ఐదు రోజులకు కొంచెం పైగా దక్కుతాయి గానీ, గురువారంతో ముగిసే అమెరికా వారంలో నాలుగు రోజులే మిగులుతాయి. అదే శుక్రవారం మధ్యాహ్నం 1 గంటకు వస్తే, అమెరికాలో గడియారాన్ని గంట ముందుకు జరిపే వేసవి కాలమానం ప్రకారం అది న్యూయార్క్‌లో సరిగ్గా శుక్రవారం ప్రారంభమయ్యే అర్ధరాత్రి. అమెరికా వారం ఏడు రోజులూ దక్కుతాయి, కొరియా వారంలో మాత్రం ఒకటిన్నర రోజే. బీటీఎస్ బృందం 2020 ఆగస్టు 21న ‘డైనమైట్’ పాటను ఆ శుక్రవారం మధ్యాహ్నం 1 గంటకే విడుదల చేసింది. అది నేరుగా హాట్ 100లో మొదటి స్థానంలో అడుగుపెట్టింది.

గడియ విషయంలో మిగతా ప్రపంచంలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఏ దేశంలో ఆ దేశపు అర్ధరాత్రికి విడుదల చేయడం ఒకటి. ఇందులో న్యూజిలాండ్ శ్రోతకు పాట అందేటప్పటికి లండన్‌లో ఇంకా గురువారం మధ్యాహ్నమే. న్యూయార్క్ అర్ధరాత్రికి ప్రపంచమంతటా ఒకేసారి తెరవడం రెండోది. అప్పుడు లండన్‌లో తెల్లవారుజామున 5 గంటలు, లాస్ ఏంజెలిస్‌లో గురువారం రాత్రి 9. అందరూ ఒకే క్షణంలో వినాలని కోరే పెద్ద తారలకు రెండోది నచ్చుతుంది. ప్రతి దేశంలోనూ మొదటి రోజు పూర్తిగా లెక్కకు రావాలనుకునేవారికి మొదటిదే మేలు.

మరి తేదీ ఒకటైనప్పుడు పాట దేశానికో కాలంలో ఎందుకు పైకొస్తుంది? మీ ప్రశ్నలో కీలకమైన భాగం ఇదేననుకుంటున్నాను. నేడు ‘విడుదల’ అంటే పాట దొరకడం మాత్రమే. దాన్ని జనం చెవిలో వేసే పని వేరే తేదీన మొదలవుతుంది. అమెరికాలో పాప్ స్టేషన్లకు పాటను అధికారికంగా సమర్పించే రోజు సాధారణంగా మంగళవారం, అది స్ట్రీమింగ్ విడుదలకు వారాలు, నెలలు తర్వాత కూడా ఉండవచ్చు. అక్కడి కంట్రీ సంగీతపు స్టేషన్లలో ఒక పాట పైకి చేరడానికి ఆరు నెలలు దాటడం మామూలే. ఇటలీలో సింగిల్‌కు రేడియో తేదీని ప్రత్యేకంగా ప్రకటించే ఆచారం ఇప్పటికీ ఉంది. న్యూజిలాండ్ గాయని లార్డ్ పాట ‘రాయల్స్’ న్యూజిలాండ్‌లో 2013 మార్చిలో మొదటి స్థానంలో ఉంది. అమెరికాలో అది అక్టోబర్‌లో ఆ స్థానానికి చేరింది, బ్రిటన్‌లో అమ్మకానికి పెట్టింది కూడా ఆ నెలలోనే. స్వదేశంలో రుజువైన పాటను తీసుకుని తర్వాతి దేశపు రేడియో తలుపు తట్టడమనే ఈ క్రమం మారలేదు. కెనడాలో 1971 నుంచి స్థానిక పాటలకు, ఫ్రాన్స్‌లో 1996 నుంచి ఫ్రెంచ్ భాషా పాటలకు రేడియోలు నిర్ణీత వాటా ఇవ్వాలనే నియమాలు ఉండడం ఆ దేశాల గాయకులకు ఈ మొదటి మెట్టును సులభం చేసింది. అదే సమయంలో బయటి పాటకు మిగిలే చోటును తగ్గించింది. కెనడా గాయని కార్లీ రే జెప్సెన్ పాట ‘కాల్ మి మేబీ’ 2011 సెప్టెంబర్‌లో కెనడాలో వచ్చి, 2012 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో, జూన్‌లో అమెరికాలో మొదటి స్థానానికి చేరడం ఇటువంటి ప్రయాణమే.

ఋతువుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉత్తరార్ధగోళంలో వేసవి పాటగా మే, జూన్‌లలో వచ్చేది ఆస్ట్రేలియాకు చలికాలంలో చేరుతుంది. బ్రిటన్‌లో క్రిస్మస్ వారపు మొదటి స్థానానికి ప్రత్యేక గౌరవం ఉండడంతో డిసెంబర్ మధ్యలో పోటీ తీవ్రంగా ఉంటుంది. ఇటలీలో ఫిబ్రవరి నాటి శాన్‌రేమో పాటల పోటీ ఉత్సవానికి పాట ముందుగా ఎవరూ వినని కొత్తది అయి ఉండాలి, అందువల్ల వేదికపై పాడేవరకు విడుదల కుదరదు. మే నెలలో జరిగే, దేశాల మధ్య పాటల పోటీ అయిన యూరోవిజన్‌కు అంతకుముందు ఏడాది సెప్టెంబర్ 1 కంటే ముందు వాణిజ్యపరంగా విడుదలైన పాట పనికిరాదు.

మీరే ఒక పాటను సొంతంగా విడుదల చేయదలచుకుంటే, ప్రపంచమంతటికీ సరిపోయే తేదీ కోసం వెతకవద్దు, ఎందుకంటే అటువంటిది లేదు. మీ శ్రోతలు ఎక్కువగా ఉన్న ఒక దేశాన్ని ఎంచుకుని, అక్కడి లెక్కింపు వారం ఏ రోజున, ఏ వేళకు మొదలవుతుందో తెలుసుకుని, ఆ వేళనే విడుదల గడియగా, పాటను స్ట్రీమింగ్ సేవలకు చేరవేసే పంపిణీ సంస్థకు స్పష్టంగా రాయండి. స్పాటిఫై అనే స్ట్రీమింగ్ సేవలో పాటల జాబితాలు కూర్చే సంపాదకులకు పాటను పరిశీలనకు పంపడానికి విడుదలకు కనీసం ఏడు రోజుల గడువు ఉండాలని ఆ సంస్థే చెబుతోంది. అంతకంటే చాలా ముందే పంపడం మంచిది. చార్టు స్థానం మీ లక్ష్యం కాకపోతే శుక్రవారానికి కట్టుబడవలసిన పని లేదు. పెద్ద విడుదలల రద్దీ లేని మంగళ, బుధవారాల్లో విడుదల చేసి, మొదటి రెండు మూడు వారాల్లో ఏ దేశంలో వినికిడి తగ్గకుండా నిలబడిందో గమనించి, రేడియోకు పంపడం, ప్రచారానికి డబ్బు పెట్టడం ఆ దేశంతోనే మొదలుపెట్టండి.